ఎసరు పెట్టి వదిలేసిన ఇల్లు

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 38. ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరు. ఇంటి పని అయ్యాక రాత్రిళ్ళు కూర్చుని బొమ్మలు వేసుకుంటారు. నలుగురు మిత్రులతో కలిసి ఇంకో నాలుగు నెలల్లో ఎగ్జిబిషన్ పెడుతున్నారు. అందులోకి ఆరు కాన్వాసులు ఇస్తానని మాటిచ్చారు. తీసుకున్న విషయం వాళ్ళ అమ్మమ్మ చిన్నతనం.

అమ్మమ్మ పుట్టి పెరిగింది బర్మాలోని రంగూన్‌లో. ఆవిడ ఇప్పటికీ ‘రంగం’ అనే అంటుందట. తండ్రి బియ్యం మిల్లులో కూలీ. మేడమీద ఒక్క గది ఇల్లు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేసిన పొద్దున ఆవిడకి ఎనిమిదేళ్ళు. తల్లి అప్పుడే పొయ్యి మీద ఎసరు పెట్టింది. సైరన్ మోగగానే పిల్లల్ని లాక్కుని మెట్లు దిగి పరుగెత్తింది. మిల్లుకి వెళ్ళిన తండ్రి మళ్ళీ కనిపించలేదు. రెండు రోజులు ఎక్కడెక్కడో తలదాచుకుని, మళ్ళీ ఆ గది గుమ్మం తొక్కకుండానే, చంకలో ఏడు నెలల పాప, చేత్తో పట్టుకుని నాలుగేళ్ళ కొడుకు, వెనకాల ఎనిమిదేళ్ళ కూతురు, ఇలా ఆ తల్లి జనం వెంట నడక మొదలుపెట్టింది. ప్రోమ్ దాకా రోడ్డు. అక్కణ్ణుంచి కొండలు దాటి తౌంగప్. పడవలో అక్యాబ్, చిట్టగాంగ్. తర్వాత రైళ్ళు. శ్రీకాకుళం దగ్గర సొంతూరు చేరేసరికి తల్లీ, ఇద్దరాడపిల్లలూ మిగిలారు. పిల్లాడు దారిలో కలరాతో పోయాడు. ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఇదే.

ఆరేళ్ళ కిందట, కరెంటు పోయిన ఒక రాత్రి, అమ్మమ్మ ఈ మనవరాలికి ఇంకో ముక్క చెప్పింది. పిల్లాడు అప్పటికింకా పోలేదు. వాంతులై నడవలేకపోయాడు. ఎత్తుకోవడానికి తల్లికి ఓపిక లేదు. చెట్టు కింద పడుకోబెట్టి, తుండుగుడ్డ కప్పి, కదిలింది. “అమ్మ ఎనక్కి సూడొద్దంది. నాను సూసేను.” ఆ తర్వాత ఆవిడ మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఇప్పుడు అమ్మమ్మకి 92. పెద్దమావయ్య ఇంట్లో ఉంటోంది. పొద్దున పూట మాట తేటగానే ఉంటుంది. చీకటి పడే వేళకి మతి తప్పుతుంది. “ఎసరు మరిగిపోతంది, బియ్యం పొయ్యండే” అంటూ వంటింటివైపు లేచి నడుస్తుంది.

ఆరు కాన్వాసుల్లో రెండు పూర్తయ్యాయి. నారింజరంగు ఆకాశం, బారులు తీరిన విమానాలు, కాలిపోతున్న వీధి, నోరు తెరిచి ఏడుస్తున్న పిల్ల. ఫోన్లో ఫొటో చూపిస్తే అమ్మమ్మ చాలాసేపు చూసి అందట: “ఇదేటే, సినిమాలాగుంది. మా ఇల్లేదే? ఆ ఇమానాలు నానెక్కడ సూసేనే, అమ్మ నా మొకం కొంగుతో కప్పీసింది గదా.” ఆ రోజు నుంచి ఈవిడ బ్రష్ పట్టుకోలేకపోతున్నారు. పైగా పెద్దమావయ్యకి ఈ బొమ్మల సంగతి తెలిసి, “పోయినవాళ్ళని గోడకెక్కించి నలుగురికీ చూపిస్తావా? మా అమ్మమ్మ మమ్మల్ని ఎలా పెంచిందో నీకేం తెలుసు?” అని గట్టిగా కేకలేశారు. ఇంటికి రావద్దనలేదు కానీ, ఇదివరకటిలా మాట్లాడటం లేదు. ఉత్తరం చివర ఆవిడ అడిగింది ఇది: “నేను యుద్ధం చూడలేదు. ఆకలి కూడా చూడలేదు. మా అమ్మమ్మ ఏడుపుతో నేను పేరు తెచ్చుకుంటున్నానా అని టెన్షన్‌గా ఉంది. ఈ బొమ్మలు వెయ్యనా, మానెయ్యనా? వేస్తే ఆ చెట్టు కింద బొమ్మ కూడా వెయ్యాలా?”

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ తీసుకుని ఒక్క వాక్యం కింద గీత గీశాను. ‘అమ్మ నా మొకం కొంగుతో కప్పీసింది గదా.’ అమ్మమ్మ మీ బొమ్మని కాదందని మీరు కుంగిపోయారు. ఆర్ట్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు పిల్లల బొమ్మలు దిద్దినదాన్ని నేను. ఇంత సూటిగా బొమ్మలోని లోటు చెప్పి, అదే వాక్యంలో వెయ్యాల్సిన బొమ్మేదో కూడా చెప్పిన గురువుని నేను చూడలేదు.

ఆ పూట ఆవిడ ఏం చూసిందో ఒక్కసారి ఆలోచించండి. డిసెంబరు నెల, పొద్దున పది గంటల ఎండ. మొహం మీద తల్లి కొంగు. మీరు రేపే ఒక పాత నూలు చీర కొంగు మొహం మీద కప్పుకుని డాబా మీద ఎండలో నిలబడండి. పడుగూ పేకా విడివిడిగా కనిపిస్తాయి. దారం ముడిపడ్డ చోట చిన్న నల్లచుక్క. ఊపిరి తీస్తే గుడ్డ మూతికి అంటుకుంటుంది, వదిలితే లేస్తుంది. ఎర్రచీర అయితే లోకమంతా ఎర్రగా, ఆకుపచ్చదైతే ఆకుపచ్చగా ఉంటుంది. బయట ఊరు కూలిపోతున్న చప్పుడు. కళ్ళముందు మాత్రం అమ్మ చీర. ఆ పొద్దున వాళ్ళమ్మ కట్టుకున్నది ఏ రంగు చీరో అడగండి. ఆవిడ చెప్పే రంగుతో ఒక కాన్వాస్ అంచు నుంచి అంచు దాకా నింపండి. విమానం వెయ్యక్కర్లేదు. ఆ నేత దగ్గరగా చూసినవాళ్ళకి గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

మీ రెండు కాన్వాసులూ ఎక్కడ నిలబడి చూసినట్టు వేశారో గమనించారా? ఎదురుగా ఏదో ఎత్తైన మేడ మీద నుంచి. ఆ మేడ మీద మీ అమ్మమ్మ లేదు. ఆ రోజు రంగూన్‌లో విమానాలు ఎలా ఎగురుతున్నాయో చూద్దామని వీధుల్లోకి వచ్చి నిలబడ్డ జనం చాలామంది చచ్చిపోయారు. మీ అమ్మమ్మ వాళ్ళమ్మ కొంగు కప్పి లాక్కుపోయింది కాబట్టి ఆవిడ చూడలేదు, చూడలేదు కాబట్టి బతికింది, బతికింది కాబట్టి మీరున్నారు. ఆ విమానాల్ని ఇవాళ మీరు తెచ్చి ఆవిడ ముందు పెడితే “నానెక్కడ సూసేనే” అనక ఏమంటుంది?

యుద్ధం బొమ్మ అనగానే అందరికీ గుర్తొచ్చేది పికాసో ‘గెర్నికా’. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా అనే చిన్న ఊరి మీద బాంబులు పడ్డప్పుడు ఆయన పారిస్‌లో ఉన్నాడు. పేపర్లలో చదివి, ఫొటోలు చూసి వేశాడు. దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడు మీటర్లు దాటిన పొడవు. అంత గోడలో ఒక్క విమానం లేదు, ఒక్క బాంబు లేదు. మంటలు ఉన్నా వాటికి ఎర్రరంగు లేదు, అంతా నలుపు, తెలుపు, బూడిద. ఈసారి ప్రింట్ దొరికితే మీ టీచరు కళ్ళతో ఇంకోసారి చూడండి. పైన కరెంటు బల్బు, ఒక బల్ల, ఒక కిటికీ, కుడివైపు ఒక తలుపు, పెంకులు. అదంతా ఇల్లే. ఇంట్లోకి గుర్రం, ఎద్దు, చచ్చిపోయిన బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఆకాశం కేసి గొంతెత్తిన తల్లి, అందరూ ఇరుక్కుపోయి ఉంటారు. లోపలేదో బయటేదో తెలియకుండా పోవడం, ఇల్లనే మాటకి అర్థం లేకుండా పోవడం, అదే ఆ బొమ్మలో నన్ను పట్టుకునేది. ‘నేను చూడలేదు కదా, నాకేం హక్కు’ అన్న మీ ప్రశ్నకి సగం జవాబు కూడా ఇందులో ఉంది. మిగతా సగానికి తర్వాత వస్తాను, ఎందుకంటే పికాసోకి ఆ ఊళ్ళో అమ్మమ్మ లేదు, మీకుంది.

ఇప్పుడు ఎసరు సంగతి. సాయంత్రం పూట ఆవిడ వంటింట్లోకి వెళ్ళడాన్ని ఇంట్లోవాళ్ళు మతిమరుపు కింద జమకట్టారని రాశారు. మతిమరుపే కావచ్చు, డాక్టరుకి చూపించడం మానొద్దు. కానీ మీకూ నాకూ తెలుసు, ఆవిడ ఏ వంటింటివైపు వెళ్తోందో. ఎనిమిది దశాబ్దాలకు పైగా ఆ గిన్నె పొయ్యి మీదే ఉంది. అందులో బియ్యం పొయ్యలేదు, దింపలేదు. నీళ్ళు మరిగి ఇగిరిపోయి గిన్నె మాడిపోయిందో, లేక అంతకుముందే కప్పు కూలిందో చెప్పేవాళ్ళు లేరు. యుద్ధం పసితనాన్ని ఏం చేస్తుంది అని ఎవరైనా అడిగితే, చేస్తున్న పనిని మధ్యలో ఆపేసి, పూర్తిచేసే అవకాశం ఎప్పటికీ ఇవ్వదు అని మీ అమ్మమ్మని చూపించి చెప్తాను.

ఆ వంటమూల మీ రెండో బొమ్మ. ఎలా వెయ్యాలో నేను చెప్పను, ఆ పని మీది. ఒక్క సాయం మాత్రం చేస్తాను. ఎనిమిదేళ్ళ పిల్ల కళ్ళు నేలకి సుమారు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. మీ స్కూల్లో మూడో తరగతి పిల్లని ఒకరిని నిలబెట్టి కొలవండి. ఆ ఎత్తులో ఈజిల్ ముందు కూర్చుని చూడండి. గిన్నె లోపల ఏముందో కనపడదు, ఆవిరే కనపడుతుంది. కిటికీ అడుగుభాగం కనపడుతుంది, వీధి కనపడదు. పెద్దవాళ్ళ నడుములు, చేతులు ఉంటాయి, మొహాలు పైనెక్కడో ఉంటాయి.

ఇల్లు పోయినవాళ్ళు ఇంటిని ఎంత తక్కువ గీతల్లో చెప్పగలరో తెలియాలంటే జరీనా హష్మీ అనే చిత్రకారిణి పని చూడండి. 1937లో అలీగఢ్‌లో పుట్టింది. దేశవిభజన దెబ్బ తగిలిన తరం. తర్వాత వాళ్ళవాళ్ళు పాకిస్తాన్‌కి వెళ్ళిపోయారు, ఆవిడ ఊరూరూ, దేశదేశాలూ తిరిగింది. ఇల్లే పరాయి చోటు అనే అర్థం వచ్చే పేరుతో 1999లో 36 వుడ్‌కట్ ప్రింట్లు (చెక్క మీద చెక్కి, సిరా పూసి కాగితం మీద అద్దినవి) చేసింది. నల్లటి గీతలు, ఒక్కో బొమ్మకి ఒక్కో ఉర్దూ మాట. ఇల్లు, గడప, తలుపు, ఇలా. నెత్తురు లేదు, పరుగెత్తే జనం లేరు. పోయిన ఇంటి ప్లాను గీసిన చెయ్యి వణక్కుండా ఉండటం చూస్తేనే ఆ చెయ్యి ఎన్నిసార్లు మనసులో ఆ ప్లాను గీసుకుందో తెలుస్తుంది.

మీ అమ్మమ్మ చేత ఆ గది ప్లాను గీయించండి. నవ్వకండి, ఇది జరిగే పనే. 1974లో హిరోషిమాలో 77 ఏళ్ళ పెద్దాయన ఒకరు తను అణుబాంబు పడ్డ రోజు చూసిన దృశ్యం బొమ్మ వేసుకుని టీవీ స్టేషన్‌కి పట్టుకెళ్ళాడు. వాళ్ళు అది చూపించి, మీరు కూడా వేసి పంపండి అని ఆ బాంబు నుంచి బతికి బయటపడ్డవాళ్ళని అడిగారు. ఒకటి రెండేళ్ళలో రెండువేలకు పైగా బొమ్మలు వచ్చాయి. చాలామంది స్కూలు వదిలాక బ్రష్ పట్టనివాళ్ళు. మాటల్లో చెప్పలేకపోయినదాన్ని 29 ఏళ్ళ తర్వాత క్రేయాన్‌తో, పెన్నుతో, ఏది దొరికితే దానితో వేశారు. బొమ్మలో పట్టనిది పక్కన రాశారు. బొమ్మలు వేయడం వచ్చినవాళ్ళు వేసినవాటికంటే అవి నన్ను ఎక్కువ కదిలిస్తాయి. మీ అమ్మమ్మ జన్మంతా వాకిట్లో ముగ్గులు పెట్టింది కదా. గీత ఎక్కడ మొదలెట్టి ఎక్కడ కలపాలో ఆ వేళ్ళకి తెలుసు. కాగితం, పెన్సిల్ చూస్తే బెదిరిపోతుందేమో, పలకా బలపం ఇవ్వండి. తప్పైతే చెరిపేసుకోవచ్చన్న ధైర్యం ఉంటుంది.

ఏం జరిగిందో చెప్పమని మాత్రం అడక్కండి. గుమ్మం ఏ వైపు, పొయ్యి ఏ మూల, రాత్రి ఎవరి పక్కన ఎవరు పడుకునేవారు, నీళ్ళ బిందె ఎక్కడ పెట్టేవారు, ఇవి అడగండి. ఇల్లు గురించి అడిగితే మనిషి ఆ ఇంట్లోకి వెళ్ళి కూర్చుంటుంది. చెప్పాలనిపిస్తే మిగతాది తనే చెప్తుంది. పొద్దున పూటే వెళ్ళండి, సాయంత్రం వద్దు. అరగంట చాలు. చెయ్యి ఆగినా, మొహం తిప్పుకున్నా, పలక తీసి పక్కన పెట్టి కాఫీ ఇవ్వండి. ఆ రాత్రి నిద్రపోయిందో లేదో మర్నాడు మీ అత్తయ్యని అడగండి. వరసగా నిద్ర చెడితే మీ బొమ్మల కంటే ఆవిడ నిద్ర ముఖ్యం, ఆపెయ్యండి. ఎక్కువగా కలత పడితే వెంటనే డాక్టరుతో మాట్లాడండి.

అసలు భయం దగ్గరికి వద్దాం. ఆ చెట్టు.

మీ ముందు కొన్ని దారులున్నాయి. ఒకటి, ఆ దృశ్యం ఉన్నదున్నట్టు వేసి, పక్కన నాలుగు వాక్యాల్లో కథ రాసి పెట్టడం. జనం ఆగి చూస్తారు, ఏడుస్తారు, పేపర్లో కూడా రావచ్చు. దాంతోపాటు ఒకరిద్దరు “కన్నబిడ్డని ఎలా వదిలేసిందండీ” అని అంటారు. ఆ మాట మీ మావయ్య వింటారు. మీ అమ్మమ్మ కూడా వినొచ్చు. జవాబు చెప్పుకోవడానికి ఆ తల్లి లేదు. ప్రోమ్ రోడ్డు మీద కలరాతో జనం రాలిపోతుంటే, చంకలో ఒక బిడ్డ, వెనకాల ఒక బిడ్డ ఉన్న ఆడమనిషికి మిగిలినవి ఏపాటి దారులో హాల్లో ఏసీలో నిలబడ్డవాళ్ళకి బొమ్మ పక్కన నాలుగు వాక్యాలతో మనం చెప్పలేం. ఈ దారి నాకు ఇష్టం లేదని దాచను.

రెండోది, బొమ్మ వెయ్యండి, ఎగ్జిబిషన్‌కి ఇవ్వకండి. మీ చెయ్యికి ఆ బరువు దిగాలి కదా, దిగుతుంది. బీరువా వెనకాల పెట్టుకోండి. ఇందులో ఒక చిక్కుంది. దాచిన బొమ్మ ఎప్పుడో ఒకప్పుడు ఎవరి కంటోనో పడుతుంది. అప్పుడు మీరు పక్కన ఉండకపోవచ్చు.

మూడోది కెతే కొల్విట్జ్ అనే జర్మన్ ఆర్టిస్టు దగ్గర నేర్చుకోవచ్చు. 1914 అక్టోబరులో ఆవిడ చిన్నకొడుకు పీటర్ 18 ఏళ్ళకే బెల్జియంలో యుద్ధంలో పోయాడు. సైన్యంలో చేరడానికి తండ్రి ఒప్పుకోకపోతే, భర్తకి నచ్చజెప్పి ఒప్పించింది ఆవిడే. ఆ భారం ఎలాంటిదో ఊహించుకోండి. కొడుక్కి స్మారకం చెయ్యాలని మొదలుపెట్టి, ఒకసారి ఆపి, మళ్ళీ ఎత్తుకుని, 1932కి గానీ పూర్తిచెయ్యలేకపోయింది. మొదటి ఆలోచనలో కొడుకు శరీరం పడుకుని ఉంటుంది, తల దగ్గర తండ్రి, కాళ్ళ దగ్గర తల్లి. ఏళ్ళు గడిచేకొద్దీ కొడుకుని తీసేసింది. చివరికి శ్మశానంలో నిలిచినవి మోకాళ్ళ మీద కూర్చున్న తల్లీ తండ్రీ రెండు రాతి విగ్రహాలే. తల్లి ముందుకి వంగిపోయి ఉంటుంది. ఆవిడ వంగిన వైపు చూస్తే అక్కడెవరున్నారో మనకి తెలుస్తుంది. ఇది శిల్పం, మీది బొమ్మ, అయినా పాఠం ఒకటే. మీ అమ్మమ్మ వెనక్కి తిరిగి చూసిన చూపులో ఆ తుండుగుడ్డ అంచు ఒక్కటీ ఉంటే చాలేమో. దారీ, చెట్టు నీడా, గుడ్డ అంచు. పేరు పెట్టకండి, కథ రాయకండి. తెలియనివాళ్ళు ఎవరో మర్చిపోయిన గుడ్డ అనుకుంటారు. తెలిసినవాళ్ళు మీ ఇంట్లో ఉన్నారు.

ఈ మూడింటిలో ఏదైనా సరే, ముందు అమ్మమ్మని అడగకుండా వద్దు. చీకట్లో మీకొక్కరికే చెప్పిన మాట అది. ఎందుకు చెప్పిందో ఆవిడకే తెలియాలి. మనసు తేటగా ఉన్న పొద్దున చూసి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, “ఆ రాత్రి నువ్వు చెప్పింది బొమ్మ వెయ్యనా అమ్మమ్మా?” అని ఒక్కసారి అడగండి. వద్దంటే వద్దు. ఏమీ అనకుండా ఊరుకున్నా వద్దనే తీసుకోండి. వెయ్యమంటే, ఎలా వెయ్యాలో కూడా ఆవిడే చెప్తుంది చూడండి.

మావయ్య విషయంలో మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను ఆగాను. ‘ఆయనకి ఆ చెట్టు సంగతి తెలియదు’ అని రాశారు. నాకు అనుమానమే. ఏమీ తెలియని మనిషి ‘పోయినవాళ్ళని గోడకెక్కిస్తావా’ అని అంత మండిపడతాడా? తనని పెంచిన అమ్మమ్మ, అంటే ఆ తల్లి గురించి ఏదో విని, ఎవరితోనూ అనలేక, ఇన్నేళ్ళూ ఆవిడ ఫొటోకి దండ మారుస్తూ వచ్చాడేమో. నేను పొరబడుతూ ఉండొచ్చు. అందుకే మీరు బయటపెట్టకండి, ఆయన్ని రెట్టించకండి. మీరు వేసిన చీర బొమ్మా, పొయ్యి బొమ్మా తీసుకెళ్ళి ఆయనకి ముందు చూపించండి, అందరికంటే ముందు. ‘మావయ్యా, ఇవే వేస్తున్నాను, మీరు చూసి చెప్పండి’ అనండి. ఆయన కోపమంతా కాల్చిన ఊరి బొమ్మ మీదా, తన అమ్మమ్మ పరువేమైపోతుందో అన్న భయం మీదా ఉంది. పొయ్యి మీద గిన్నె చూసి కోప్పడటం కష్టం. అయినా ఒప్పుకోకపోతే, ఆయన ఒప్పుకోకుండానే పెట్టడమా మానడమా అనేది మీరు తేల్చుకోవాల్సిందే. మీ అమ్మమ్మ సరేనంటే పెట్టే హక్కు మీకుందని నేననుకుంటాను. కానీ అమ్మమ్మ ఉండేది ఆయన ఇంట్లో. రోజూ అన్నం పెట్టేది వాళ్ళు. మీకూ ఆయనకీ మధ్య తలుపు మూసుకుంటే, ఆవిడకీ మీకూ మధ్య కూడా మూసుకుంటుంది. ఈ వయసులో ఆవిడ ఆ నష్టం భరించలేదు.

పేరు తెచ్చుకుంటున్నానా అని అడిగారు. రావచ్చు పేరు. పేరు వస్తుందేమోనని భయపడి మంచి బొమ్మ మానేయడం కూడా నాకు నచ్చదు. డబ్బు విషయంలో మాత్రం ముందే తేల్చుకోండి. పెట్టే ప్రతి బొమ్మ కిందా ‘అమ్మకానికి కాదు’ అని రాసి పెట్టండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇది ఒక్క మీ ఇంటి కథ కాదు. 1931 లెక్కల్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా మనదేశం వాళ్ళే. ఓడరేవులో మూటలు మోసినవాళ్ళు, రిక్షాలు లాగినవాళ్ళు, మిల్లుల్లో పనిచేసినవాళ్ళు, వాళ్ళలో తెలుగువాళ్ళు ఎంతోమంది. 1942లో లక్షలమంది బర్మా నుంచి వెనక్కి వచ్చారు, వేలమంది దారిలోనే ఉండిపోయారు. ఆ ఏడాదే ఏప్రిల్ 6న మీ విశాఖ మీద కూడా బాంబులు పడ్డాయి. జనం ఇళ్ళకి తాళాలు వేసి పల్లెలకి పోయారు. బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ మీ ఊళ్ళో ఉంది. ఇంత నడక నడిచిన జనానికి తమ నడక బొమ్మ ఒక్కటి గోడమీద చూసుకునే భాగ్యం మనం ఇవ్వలేదు. మీ పొయ్యి బొమ్మ ముందు ఎవరో ముసలాయన ఆగి, “మా అమ్మ కూడా రంగంలోనే పుట్టిందమ్మా” అని మొదలుపెడతాడు. ఒక కుర్చీ వేసి ఉంచండి.

నాలుగు నెలల గడువు గురించి పెద్దగా చెప్పను. ఆరు కావాలని ఎవరూ కొలవరు. చీర ఒకటి, పొయ్యి ఒకటి, అమ్మమ్మ పలక మీద గీసిన ప్లానుని ఫొటో తీసి పెద్దది చేస్తే అది ఒకటి. మూడు చాలు. మిత్రులకి ఇప్పుడే చెప్పెయ్యండి, ఆ జాగా వాళ్ళు వాడుకుంటారు. పూర్తయిన ఆ రెండు కాన్వాసులూ చింపకండి, తిప్పి గోడకి ఆనించి పెట్టండి.

చివరగా నన్ను పట్టుకుని వదలనిది ఒకటుంది. పదకొండు పేజీల్లో అందరూ ఉన్నారు, ఆ పిల్లాడి పేరు లేదు. ‘తమ్ముడు’, ‘పిల్లాడు’, అంతే. చెక్ దేశంలో టెరెజిన్ అనే చోట నాజీలు యూదుల్ని బంధించినప్పుడు, ఫ్రీడల్ డిక్కర్ బ్రాండైస్ అనే ఆర్టిస్టు అక్కడి పిల్లల చేత బొమ్మలు వేయించేది. వాళ్ళు పువ్వులు వేశారు, భోజనాల బల్లలు వేశారు, వదిలేసి వచ్చిన ఇళ్ళు వేశారు. ప్రతి బొమ్మ మీదా వేసినవాళ్ళ పేరు వాళ్ళ చేతే రాయించేది. 1944 అక్టోబరులో ఆవిణ్ణి ఆష్విట్జ్‌కి తీసుకుపోయి చంపేశారు. పోయేముందు ఆవిడ రెండు పెట్టెల్లో దాచిపెట్టిన నాలుగువేలకు పైగా బొమ్మలు మిగిలాయి. ఆ పిల్లల్లో చాలామంది మిగల్లేదు, పేర్లు మిగిలాయి.

ఈ ఆదివారం పొద్దున్నే పలక పట్టుకుని వెళ్ళండి. చీర రంగు అడగండి, పొయ్యి ఏ మూలో అడగండి. ఆవిడ మొహం బాగుంటే, వాణ్ణి మీ ఇంట్లో ఏమని పిలిచేవారు అమ్మమ్మా అని అడగండి. చెప్తే పలక ఆవిడ చేతికివ్వండి. అక్షరాలు రావంటే మీరు రాసి, రాసింది పైకి చదివి, అంతేనా అని అడగండి.